గిటార్ పెడల్ డబ్బా మీద మన డిజైన్: ఇంట్లోనే ఎచింగ్ చేయడం

గిటార్ శబ్దాన్ని మార్చే పెడల్ సర్క్యూట్‌ని వారం రోజులు కూర్చుని ఓపిగ్గా సోల్డర్ చేసినవాళ్లు కూడా డబ్బా దగ్గరికొచ్చేసరికి ఒక స్టిక్కర్ అంటించి వదిలేస్తారు. కాలి కింద ఉండే వస్తువు కదా, ఆ స్టిక్కర్ అంచులు కొన్నాళ్లకే లేస్తాయి. అదే డిజైన్ రసాయనంతో తినిపించి లోహంలోకి దించితే (దీన్నే ఎచింగ్ అంటారు) బూటుతో తొక్కినా, బ్యాగులో కేబుళ్ల మధ్య రాసుకున్నా పోదు, వేలితో తడిమితే గీత గీతా తగులుతుంది. నేను చాలా డబ్బాలు చేశాను, కొన్ని పాడు చేశాను కూడా. ఎచింగ్ అనగానే అందరూ రసాయనం గురించే టెన్షన్ పడతారు కానీ ఆ పని అరగంటలోపే అయిపోతుంది. డబ్బా బాగా వస్తుందా లేదా అన్నది అంతకుముందు టోనర్, అంటే రసాయనం తగలకుండా లోహాన్ని కప్పే లేజర్ ప్రింటర్ పొడి, లోహానికి ఎంత గట్టిగా పట్టుకుందో దాని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఆ భాగం ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను, మీరూ అక్కడ తొందరపడకండి.

డబ్బా ఎంపిక

పెడళ్లకి వాడేవి చాలావరకు డై కాస్ట్, అంటే అచ్చులో పోసి చేసిన అల్యూమినియం డబ్బాలు. హామండ్ కంపెనీ 1590బి మోడల్ సుమారు 112 × 60 × 31 మిల్లీమీటర్లు ఉంటుంది, 125బి దానికంటే కొంచెం పెద్దది, లోతు కూడా ఎక్కువ. మొదటిసారి చేసేవాళ్లు 125బి సైజు తీసుకోండి, డిజైన్‌కీ నాబ్‌లకీ చోటు సరిపోతుంది. ముఖ్యంగా ఏ రంగూ వేయనిదే కొనండి. పౌడర్ కోటింగ్ ఉన్న డబ్బా తీసుకుంటే ఆ పూత వదిలించడమే ఒక రోజు పని.

ఈ డబ్బాలు స్వచ్ఛమైన అల్యూమినియం కాదు, అచ్చులోకి సులువుగా పారడానికి అందులో పదో వంతుకు అటూఇటూగా సిలికాన్ కలిపి ఉంటుంది. ఎచింగ్‌లో అల్యూమినియం కరిగిపోతుంది, సిలికాన్ కరగదు, అది నల్లటి పొరలా అక్కడే మిగులుతుంది. అందుకే తినేసిన భాగం దానంతటదే ముదురు బూడిద రంగులోకి వస్తుంది. రంగు నింపకుండా అలాగే ఉంచినా చూడ్డానికి బాగుంటుంది, నాకైతే కొన్ని డిజైన్లకి అదే ఇష్టం.

ఒక సలహా ముందే చెప్పేస్తాను. డబ్బాతో పాటు వచ్చే వెనక మూత ఉంది చూశారా, అది కూడా అదే లోహం, నేల వైపే ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు. మీ మొదటి ప్రయోగం దాని మీద చేయండి. మీ ప్రింటర్ టోనర్ ఎలా పట్టుకుంటోంది, మీ ద్రావణం ఎంత వేగంగా తింటోంది, గీతలు ఎంత లావెక్కుతున్నాయి, ఇవన్నీ అసలు ముఖం, అంటే నాబ్‌లు వచ్చే పై వైపు, పాడవకుండానే తెలిసిపోతాయి.

రుద్దడం, కడగడం

ముఖం మీద అచ్చు పోసినప్పటి గరుకు, చిన్న చిన్న గుంటలు ఉంటాయి. చదునైన చెక్క ముక్కకి సాండ్‌పేపర్ చుట్టి ముందు 220 నంబరుతో, తర్వాత 400తో, చివర 600తో నీళ్లు పోస్తూ రుద్దండి. చేత్తో పట్టుకుని రుద్దితే అంచులు గుండ్రంగా అరిగి, మధ్యలో ఎత్తుగా మిగిలిపోతుంది, అప్పుడు ఇస్త్రీ పెట్టె అంచుల దగ్గర సరిగ్గా ఆనదు. అద్దంలా మెరిసేదాకా వెళ్లొద్దు. టోనర్ పట్టుకోవడానికి సన్నటి గరుకు కావాలి, 600 దగ్గర ఆగిపోతే చాలు.

తర్వాత పాత్రలు తోమే సబ్బుతో బాగా కడిగి, ఆరాక ఎసిటోన్‌తోగానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోగానీ తుడవండి. తెల్లటి గుడ్డ మీద బూడిద రంగు మరక పడటం ఆగేదాకా తుడుస్తూనే ఉండాలి. ఇక అక్కడి నుంచి ఆ ముఖాన్ని వేలితో ముట్టుకోకూడదు. ఒక్క వేలిముద్రలో ఉన్న జిడ్డు చాలు, సరిగ్గా అక్కడే టోనర్ లేచిపోతుంది.

డిజైన్ గీయడం

ముందు ఒకటి తేల్చుకోవాలి. అక్షరాలు లోపలికి దిగాలా, లేక చుట్టూ ఉన్న నేల దిగిపోయి అక్షరాలు పైకి నిలబడాలా? టోనర్ ఉన్నచోట లోహం మిగులుతుంది, టోనర్ లేనిచోట కరుగుతుంది. అంటే అక్షరాలు పైకి రావాలంటే వాటిని నల్లగా ప్రింట్ చేయాలి, లోపలికి పోవాలంటే నేలంతా నల్లగా, అక్షరాలు తెల్లగా ఉండాలి.

రసాయనం కిందికి మాత్రమే పోదు, పక్కలకీ తింటుంది. 0.2 మిల్లీమీటర్ల లోతుకి దిగితే రెండు పక్కలా దాదాపు అంతే పోతుంది. కాబట్టి పైకి నిలబడాల్సిన గీతని అర మిల్లీమీటరు మందంతో గీస్తే చివరికి వెంట్రుక మాత్రమే మిగులుతుంది, కనీసం ఒక మిల్లీమీటరు పెట్టండి. లోపలికి దిగే గీత అయితే దీనికి వ్యతిరేకం, గీసినదానికంటే లావుగా వస్తుంది కాబట్టి సన్నగానే గీయొచ్చు.

తెలుగు అక్షరాలు పెట్టాలనుకునేవాళ్లకి ఇక్కడ ఇంకో చిక్కుంది. మన అక్షరాల్లో సున్నాలు, సుడులు, వత్తులు ఎక్కువ. లోపలికి దిగే అక్షరమైతే గుండ్రటి భాగం మధ్యలో టోనర్ చిన్న ద్వీపంలా ఒంటరిగా ఉంటుంది, అన్నిటికంటే ముందు ఊడిపోయేది అదే. ‘ఠ’ మధ్య చుక్క, ‘క్ష’ మెలిక, గుడిదీర్ఘం చివర చుట్ట లాంటివి చిన్న సైజులో నిలవవు. తెలుగు పేరు పెడితే అక్షరం ఎత్తు కనీసం ఒక సెంటీమీటరు ఉండేలా, లావుపాటి ఫాంట్‌తో పెట్టండి. వత్తులు తక్కువగా ఉన్న పేరు ఎంచుకుంటే ఇంకా మంచిది. ‘ఉరుము’ లాంటి పేరు ఎంత చక్కగా దిగుతుందో చేసి చూస్తే మీకే తెలుస్తుంది.

నాబ్‌లూ, స్విచ్చూ, ఎల్‌ఈడీ వచ్చే చోట్ల మధ్యలో చిన్న ప్లస్ గుర్తు డిజైన్‌లోనే పెట్టేయండి. అది కూడా లోహంలోకి దిగుతుంది, తర్వాత రంధ్రాలు వేసేటప్పుడు డ్రిల్ బిట్ సరిగ్గా అక్కడ కూర్చుంటుంది.

టోనర్ ఎక్కించడం

దీనికి లేజర్ ప్రింటర్ కావాలి. ఇంక్‌జెట్ సిరా నీళ్లలో పోతుంది, దానితో ఈ పని కాదు. లేజర్ టోనర్ నిజానికి మెత్తటి ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి అంటుకుంటుంది, రసాయనాన్ని లోహం దాకా పోనివ్వదు. డిజైన్‌ని అద్దంలో కనిపించినట్టు తిప్పి ప్రింట్ చేయాలి. ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది ఉంటారు, ప్రింట్ నొక్కే ముందు అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయో లేదో ఒకసారి చూడండి. ప్రింటర్ సెట్టింగుల్లో టోనర్ ఆదా చేసే ఆప్షన్ తీసేసి, నలుపు ఎంత గాఢంగా వస్తే అంత గాఢంగా పెట్టండి.

కాగితం విషయానికొస్తే, పత్రికల్లో వాడే పల్చటి నిగనిగలాడే కాగితం బాగా పనిచేస్తుంది, నీళ్లలో నానితే ఊడొస్తుంది. ప్రెస్ అండ్ పీల్ అనే నీలం రంగు షీట్లు దీనికోసమే తయారుచేస్తారు, వాటితో గీతలు ఇంకా శుభ్రంగా వస్తాయి, నానబెట్టే పని కూడా ఉండదు, చల్లారాక లాగేయడమే. ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటో కాగితం మాత్రం ప్రింటర్‌లో పెట్టొద్దు, లోపలి వేడి రోలర్‌కి అంటుకుని ప్రింటరే పాడవుతుంది.

ఇప్పుడు ఇస్త్రీ. డబ్బా గోడలు మందంగా ఉంటాయి, చల్లటి డబ్బా మీద కాగితం పెట్టి ఇస్త్రీ చేస్తే వేడంతా లోహమే లాగేసుకుంటుంది, టోనర్ కరగదు. అందుకని డబ్బా లోపల సరిపోయే చెక్క దిమ్మ పెట్టి, దాని మీద డబ్బాని బోర్లించి, ముఖం మీద ఒక మామూలు కాగితం వేసి ఇస్త్రీ పెట్టెని రెండు మూడు నిమిషాలు ఊరికే ఆనించి ఉంచండి. ఇస్త్రీ పెట్టె కాటన్ సెట్టింగ్‌లో ఉండాలి, ఆవిరి ఆపేయాలి. లోహం బాగా వేడెక్కాక డిజైన్ కాగితాన్ని ఒకే దెబ్బలో సరైన చోట పెట్టాలి, వేడి లోహాన్ని తాకగానే అంటుకుంటుంది కాబట్టి తర్వాత జరపడానికి వీలుండదు. నేనైతే కాగితం ఒక అంచుని వేడికి ఆగే టేపుతో డబ్బా పక్క గోడకి ముందే అంటించి, పుస్తకం పేజీలా తెరిచి ఉంచి, వేడెక్కాక మూస్తాను.

మొదటి నిమిషం గట్టిగా కిందికి నొక్కండి, రుద్దొద్దు. ఆ తర్వాత ఇస్త్రీ పెట్టె మొనతో అంచులూ మూలలూ ఒక్కొక్కటిగా, మొత్తం నాలుగైదు నిమిషాలు. ఎక్కువ నొక్కితే టోనర్ పక్కలకి పాకి అక్షరాలు అలుక్కుపోతాయి, తక్కువైతే సగం కాగితంతోనే లేచొచ్చేస్తుంది. సరైన ఒత్తిడి ఎంతన్నది మూత మీద రెండుసార్లు చేస్తే చేతికే తెలుస్తుంది.

పత్రిక కాగితమైతే డబ్బా గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, నీళ్లలో అరగంట నానబెట్టి, బొటనవేలితో గుండ్రంగా రుద్దుతూ పొరలు పొరలుగా తీయండి. ఒకేసారి లాగితే టోనర్ కూడా వచ్చేస్తుంది. చివర్లో గీతల సందుల్లో తెల్లటి నూగు లాంటి కాగితం మిగులుతుంది, తడిగా ఉన్నప్పుడు అది కనిపించదు. ఆరబెట్టి చూస్తే తెలుస్తుంది. మెత్తటి టూత్‌బ్రష్‌తో అది పోయేదాకా తోమాలి, లేకపోతే రసాయనం అక్కడ లోహాన్ని తాకలేదు.

ఆరాక వెలుతురులో పెట్టి నిదానంగా చూడండి. సూదిమొన అంత రంధ్రాలు, విరిగిన గీతలు ఉంటే ఆయిల్ పెయింట్ మార్కర్‌తోనో గోళ్ల రంగుతోనో నింపండి. పెద్ద నల్లటి భాగాల్లో ఈ రంధ్రాలు తప్పకుండా ఉంటాయి. పావు వంతు కంటే ఎక్కువ ఊడిపోతే మాత్రం అతుకులు వేస్తూ కూర్చోకండి, ఎసిటోన్‌తో మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టండి. అరగంట పోతుంది, డబ్బా మిగులుతుంది.

ఎచింగ్

రెండు ద్రావణాలు చెబుతాను. సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లందరికీ తెలిసింది ఫెర్రిక్ క్లోరైడ్. అది రాగి మీద నెమ్మదిగా పనిచేస్తుంది కానీ అల్యూమినియం మీద విరుచుకుపడుతుంది, బుడగలు వస్తాయి, నిమిషాల్లో వేడెక్కిపోతుంది. నేను మొదటి డబ్బాని నీళ్లు కలపని ద్రావణంలో పెట్టి పది నిమిషాలు వదిలేశాను. తీసి చూస్తే వేడికి టోనర్ పొరలుగా లేచిపోయి ఉంది, ముఖమంతా గుంటలు పడింది, ఆ డబ్బా ఇక దేనికీ పనికిరాలేదు. దాన్నే వాడాలనుకుంటే అమ్మకానికి దొరికే ద్రావణం ఒక వంతుకి మూడు వంతుల నీళ్లు కలిపి, ఒక్కో నిమిషం చొప్పున మాత్రమే ముంచాలి. పొడి రూపంలో కొంటే పొడిని కొద్దికొద్దిగా నీళ్లలో వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు, అది కలిసేటప్పుడే విపరీతంగా వేడెక్కుతుంది.

నేను ఇప్పుడు వాడేది రెండోది, మైలతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, దానికి ఉప్పు. లీటరు గోరువెచ్చటి నీళ్లలో 75 గ్రాముల మైలతుత్తం, 75 గ్రాముల ఉప్పు కరిగించండి. నీలం రంగు ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. అల్యూమినియం మీద ఎప్పుడూ సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది, ఉత్త మైలతుత్తం దాన్ని దాటలేదు. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరని ఛేదిస్తుంది, అప్పుడు అల్యూమినియం కరిగి దాని స్థానంలో రాగి ఎర్రటి నురగలా బయటికొస్తుంది. ఫెర్రిక్ క్లోరైడ్‌లా మరకలు చేయదు, ద్రావణం స్పష్టంగా ఉంటుంది కాబట్టి లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది, నీలి ఆకుపచ్చ రంగు వెలిసిపోయిందంటే దాని బలం అయిపోయిందని కూడా తెలిసిపోతుంది. కొత్తగా చేసేవాళ్లు దీనితోనే మొదలుపెట్టండి.

ఏది వాడినా చేతులకి నైట్రైల్ గ్లవ్స్, కళ్లకి పూర్తిగా మూసే కళ్లజోడు ఉండాల్సిందే. రెండింటిలోనూ హైడ్రోజన్ పుడుతుంది, కిటికీలు తెరిచి ఉన్నచోట, వీలైతే ఆరుబయట చేయండి, దగ్గర్లో మంటగానీ సిగరెట్‌గానీ ఉండకూడదు. పాత్ర ప్లాస్టిక్‌దే కావాలి, అది మళ్లీ వంటింట్లోకి పోకూడదు. పిల్లలూ పెంపుడు జంతువులూ ఆ గదిలోకి రాకుండా చూసుకోండి. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తోనో కాస్టిక్ సోడాతోనో చేయొచ్చని ఎవరైనా చెబితే వినొద్దు. అవి అల్యూమినియంతో కలిస్తే ఇంట్లో అదుపు చేయగలిగేలా ఉండవు.

ముంచే ముందు డబ్బా పక్క గోడలూ, అంచులూ వెడల్పాటి ప్యాకింగ్ టేపుతో కప్పేయండి, ముఖం అంచుకి టేపు గోటితో గట్టిగా అదమాలి. రంధ్రాలు ఇంకా వేయలేదు కాబట్టి డబ్బాని ముఖం కిందికి ఉండేలా పెడితే లోపలికి చుక్క పోదు. ట్రేలో ఒక సెంటీమీటరున్నర ఎత్తు ద్రావణం పోసి, మూలల్లో చిన్న ప్లాస్టిక్ మూతలు పెట్టి వాటి మీద డబ్బాని ఆనించండి. ముఖం కిందికి ఉంటే ఊడిన రాగి కిందికి రాలిపోతుంది, అది మంచిదే, కానీ బుడగలు పైకి పోయే దారి లేక ముఖానికే అంటుకుంటాయి, బుడగ ఉన్నచోట లోహం తినదు. అందుకని ప్రతి పది పదిహేను సెకన్లకీ డబ్బాని కొంచెం ఎత్తి, వాల్చి, మళ్లీ దించుతూ ఉండాలి.

రెండు నిమిషాలకి ఒకసారి తీసి, పక్కన పెట్టుకున్న నీళ్ల బకెట్‌లో ముంచి, మెత్తటి బ్రష్‌తో మడ్డిని తోయండి. డబ్బాని చేత్తో తాకి చూడండి, వెచ్చగా అనిపిస్తే చల్లారేదాకా ఆగండి. టోనర్ ఎక్కడైనా లేస్తే అప్పుడే తుడిచి ఆరబెట్టి గోళ్ల రంగుతో అతుకు వేయొచ్చు, వరసగా పది నిమిషాలు వదిలేస్తే ఆ అవకాశమే ఉండదు. ఇలా ఐదారుసార్లు, కొన్నిసార్లు పదిసార్లు కూడా పడుతుంది. గోరు గీత అంచుకి టక్కున తగిలి ఆగితే లోతు సరిపోయినట్టే, ఇంకా లోతుకి పోతే పక్కలు తినడమే మిగులుతుంది.

వాడిన ద్రావణాన్ని సింక్‌లో పోయకండి. రాగి ఉప్పు చేపలకీ నీళ్లలోని జీవులకీ విషం, ఫెర్రిక్ క్లోరైడ్ అయితే స్టీలు సింక్‌నీ పైపుల్నీ కూడా తినేస్తుంది. బ్రష్‌తో తోమిన బకెట్ నీళ్లు కూడా ఇందులోకే వస్తాయి. పెద్ద బకెట్‌లోకి మార్చి బట్టల సోడా కొద్దికొద్దిగా వేయండి, బాగా పొంగుతుంది కాబట్టి బకెట్ సగమే నింపాలి. పొంగడం ఆగాక ఒక రోజు కదపకుండా ఉంచితే లోహాలు మడ్డిలా అడుగున చేరతాయి. దాన్ని గుడ్డలో వడకట్టి ఆరబెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. మిగిలిన నీళ్లలో ఇంకా నీలం ఛాయ కనిపిస్తే రాగి మిగిలి ఉన్నట్టే, ఇంకొంచెం సోడా వేయాలి. మళ్లీ వాడటానికి దాచే ద్రావణమైతే ప్లాస్టిక్ సీసాలో పోసి మొదటి రోజు మూత వదులుగా పెట్టండి, వాయువు ఇంకా వస్తూ ఉంటుంది.

రంధ్రాలు, రంగు, పూత

టోనర్ ఎసిటోన్‌తో సులువుగా పోతుంది. ఆ తర్వాత బట్టల సోడా కలిపిన నీళ్లలో కాసేపు ఉంచి కడిగితే గీతల్లో మిగిలిన రసాయనం పోతుంది, లేకపోతే పూత వేశాక లోపల తెల్లటి పొడి పుట్టి పూతని లేపుతుంది.

రంధ్రాలు రంగు వేయకముందే వేయాలి. ముఖం మీద మాస్కింగ్ టేపు వేసి, ఇందాకటి ప్లస్ గుర్తుల దగ్గర సెంటర్ పంచ్‌తో కొట్టి, ముందు 3 మిల్లీమీటర్ల బిట్‌తో, తర్వాత మెట్లు మెట్లుగా లావయ్యే స్టెప్ బిట్‌తో పెద్దది చేయండి. ఫుట్‌స్విచ్‌కి 12 మిల్లీమీటర్లు, నాబ్ కింద ఉండే మామూలు 16 మిల్లీమీటర్ల సైజు పొటెన్షియోమీటర్లకి 7 నుంచి 7.5, కేబుల్ గుచ్చే పావు అంగుళం జాక్‌లకి సుమారు 10. మీ దగ్గర ఉన్న భాగాన్ని కొలిచాకే వేయండి, ఒక్కో తయారీదారుది ఒక్కోలా ఉంటుంది.

గీతల్లో రంగు కావాలంటే నల్లటి ఎనామెల్ స్ప్రే ముఖమంతా కొట్టి, కనీసం ఒక రోజు ఆరనిచ్చి, చెక్క ముక్కకి చుట్టిన 400 సాండ్‌పేపర్‌తో పైపైన రుద్దండి. ఎత్తుగా ఉన్న లోహం మెరుస్తూ బయటపడుతుంది, పల్లంలో రంగు నిలిచిపోతుంది. ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ ఆనందమిచ్చేది ఇదే, నల్లటి ముఖంలోంచి డిజైన్ ఒక్కసారిగా తేలి వస్తుంది. ఇక్కడ కూడా వేళ్లతో రుద్దితే గుంటల్లోని రంగు కూడా లేచిపోతుంది.

పైన పారదర్శకమైన క్లియర్ కోట్ పల్చగా మూడు నాలుగు సార్లు, మధ్యలో ఆరనిస్తూ వేయండి. కొన్ని క్లియర్ కోట్‌లు కింద ఉన్న ఎనామెల్‌ని ముడతలు పడేలా చేస్తాయి, ఏ రంగు మీద ఏది నిలుస్తుందో ముందు మూత మీద చూసుకోండి. గట్టిగా పెళుసు లేకుండా ఆరడానికి డబ్బాని వారం రోజులు పక్కన పెట్టాక భాగాలు బిగించండి, లేకపోతే నట్లు తిప్పేటప్పుడు వాషర్ కింద పూత చిరుగుతుంది.

స్ప్రే చేసేటప్పుడు డబ్బా లోపలి వైపు కాగితం కుక్కి మూసేయండి. బయటి విద్యుత్ రొద సర్క్యూట్‌లోకి రాకుండా ఆపేది ఈ లోహపు గోడలే, అవి గ్రౌండ్‌కి కలవాలి, చాలా పెడళ్లలో ఆ కలయిక జాక్ లోహపు గొంతు డబ్బా లోపలి గోడని తాకడం వల్లే జరుగుతుంది. లోపల ఇప్పటికే రంగు పడి ఉంటే జాక్ రంధ్రం చుట్టూ సాండ్‌పేపర్‌తో గీకి లోహం బయటపెట్టి, మల్టీమీటర్‌తో జాక్ గ్రౌండ్‌కీ డబ్బాకీ మధ్య కంటిన్యుటీ బీప్ వస్తోందో లేదో చూశాకే వెనక మూత బిగించండి.